జే రిటార్డ్ 'బ్లడ్ విజన్స్': ఇంట్లో ఒక్కడే కూర్చుని చేసిన రికార్డు

ఇవాళ మాట్లాడుకోబోయే మనిషి పేరు మీలో చాలామంది విని ఉండరు. నో ప్రాబ్లమ్. ఆయన ఉన్నప్పుడు కూడా ప్రపంచంలో చాలామందికి తెలీదు. కానీ అమెరికాలో ఇంట్లో కూర్చుని, ల్యాప్‌టాపో టేప్ మెషీనో పెట్టుకుని, గిటార్ పట్టుకుని ఒక్కడే ఆల్బమ్ చేద్దామనుకునే ఏ కుర్రాణ్ణి కదిపినా ఈయన పేరు చెప్పే చాన్స్ ఉంది. జే రిటార్డ్. ఊరు మెంఫిస్, టెనెసీ రాష్ట్రం. 2006 అక్టోబర్‌లో సొంత పేరు మీద మొదటి ఆల్బమ్ వదిలాడు. పేరు 'బ్లడ్ విజన్స్'. పదిహేను పాటలు, అన్నీ కలిపి అరగంట కూడా లేదు. మన సినిమాల్లో ఇంటర్వెల్ ముందు ఫైట్, దాని తర్వాత డైలాగ్, ఇంకో స్లో మోషన్ షాట్, ఇవన్నీ అయ్యేలోపు ఈ ఆల్బమ్ అయిపోతుంది.

ముందు పేరు సంగతి తేల్చేద్దాం, లేకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. అసలు పేరు జిమ్మీ లీ లిండ్సే జూనియర్. 'రిటార్డ్' అనేది ఇంగ్లీషులో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళని కించపరిచే తిట్టు. స్పెల్లింగ్ కొంచెం మార్చి, టీనేజ్‌లో తన బ్యాండుకి పెట్టుకున్నాడు, అదే తన పేరుకీ అతుక్కుంది. నాకైతే ఆ పేరు నచ్చదు. పదిహేనేళ్ళ పిల్లాడు లోకం మీద కోపంతో పెట్టుకున్న పేరు అది, పెద్దయ్యాక కూడా వదల్లేదు. ఇక్కణ్ణించి నేను జే అనే పిలుస్తాను.

ఇప్పుడు గ్యారేజ్ రాక్ అంటే ఏంటి? అమెరికాలో ఇంటి పక్కన కారు పెట్టుకునే షెడ్డు ఉంటుంది కదా, అదే గ్యారేజ్. 1960లలో అక్కడి కుర్రాళ్ళు బీటిల్స్‌నీ, రోలింగ్ స్టోన్స్‌నీ చూసి చవకరకం గిటార్లు కొనుక్కుని, ఇంట్లో వాయిస్తే అమ్మానాన్నలు ఊరుకోరు కాబట్టి కారు బయటపెట్టి ఆ షెడ్డులో ప్రాక్టీస్ చేసేవాళ్ళు. మూడు కార్డ్స్ వస్తే చాలు. సుతిమెత్తగా పాడటం రాదు, అరవడం వచ్చు. వీళ్ళలో చాలామంది ఊళ్ళో ఉన్న చిన్న లేబుల్‌లో ఒక్క సింగిల్ రికార్డు వదిలి, తర్వాత ఉద్యోగాలు చూసుకున్నారు. ఆ మర్చిపోయిన రికార్డుల్లోంచి కొన్ని ఏరి 1972లో లెనీ కే అనే ఆయన 'నగ్గెట్స్' అని ఒక సంకలనం తెచ్చాడు. తర్వాత వచ్చిన పంక్ కుర్రాళ్ళకి అది పాఠ్యపుస్తకంలా పనిచేసింది. అంటే చూడండి, చిన్న లేబుల్స్‌లో వచ్చి జనం మర్చిపోయిన రికార్డులు, పదేళ్ళ తర్వాత ఇంకో తరాన్ని తయారుచేశాయి. చిన్న సంఖ్యలో అచ్చయిన రికార్డు అంటే చిన్న విషయం కాదు అని నేను అనేది అందుకే.

మెంఫిస్ మామూలు ఊరు కాదు. శామ్ ఫిలిప్స్ 1950లో అక్కడ చిన్న రికార్డింగ్ గది తెరిచాడు, అదే తర్వాత సన్ స్టూడియో అయింది. 1954లో ఎల్విస్ ప్రెస్లీ మొదటి సింగిల్ అక్కడే రికార్డయింది. ఆ రికార్డులు అచ్చేసే ఫ్యాక్టరీ కూడా ఊళ్ళోనే, ప్లాస్టిక్ ప్రోడక్ట్స్ అని. అంటే పాడేవాడూ, రికార్డు చేసేవాడూ, ప్లేటు అచ్చేసేవాడూ అందరూ ఒకే ఊళ్ళో. స్టాక్స్ అనే సోల్ మ్యూజిక్ కంపెనీ కూడా అక్కడిదే. కానీ జే పెరిగింది టూరిస్టులు ఫోటోలు దిగే మెంఫిస్‌లో కాదు. పుట్టింది మిజూరీ రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్ళో, 1980 మేలో. చిన్నప్పుడే కుటుంబం మెంఫిస్‌కి వచ్చేసింది. డబ్బులేని ఇల్లు, గొడవలుండే పేట. స్కూలు మధ్యలోనే మానేశాడు.

ఆ ఊళ్ళో 1990లలో ఆబ్లివియన్స్ అని ముగ్గురి బ్యాండు ఉండేది. బేస్ గిటార్ లేదు. డ్రమ్స్ దగ్గర కూడా వంతులు వేసుకుని మారేవాళ్ళు. అందులో ఎరిక్ ఫ్రీడ్ల్ అనే ఆయన 1993లో గోనర్ రికార్డ్స్ అని లేబుల్ పెట్టాడు. మొదటి రిలీజ్ గిటార్ వుల్ఫ్ అనే జపాన్ బ్యాండుది. జే పదిహేనేళ్ళ వయసులో ఒక క్యాసెట్ చేసి ఈయనకి పంపాడు. ఇంట్లో ఒక్కడే చేసిన డెమో. గిటార్ తనే, గొంతు తనే. డ్రమ్స్ లేవు, అందుకని ప్లాస్టిక్ బకెట్ వాయించాడు.

బకెట్ అంటే నవ్వొస్తుంది కదా. మన దగ్గర స్కూల్లో బెంచీ మీద దరువేసి పాటలు పాడనివాళ్ళు ఎవరున్నారు చెప్పండి. తేడా ఏంటంటే, ఈ పిల్లాడు దాన్ని రికార్డు చేసి, కవర్లో పెట్టి, తనకి నచ్చిన బ్యాండువాడికి పంపాడు. ఆయన విని పక్కన పడెయ్యలేదు. 1998లో రిటార్డ్స్ పేరుతో ఏడంగుళాల రికార్డు గోనర్ నుంచి వచ్చింది. అదే ఏడాది 'టీనేజ్ హేట్' అనే ఆల్బమ్ కూడా. అప్పటికి జేకి పద్దెనిమిది.

తర్వాత ఎనిమిదేళ్ళు మనిషి ఆగలేదు. అలీషియా ట్రౌట్‌తో కలిసి లాస్ట్ సౌండ్స్ అని బ్యాండు పెట్టాడు, అందులో సింథసైజర్లు, చీకటి మూడ్. ఇంకా చిన్నాచితకా బ్యాండ్లు చాలానే ఉన్నాయి, అవన్నీ చెప్పుకుంటూ పోతే ఎపిసోడ్ అయిపోతుంది. 2005లో లాస్ట్ సౌండ్స్ విడిపోయింది. అప్పుడు ఇంట్లో కూర్చుని, దాదాపు అన్ని వాద్యాలూ తనే వాయిస్తూ చేసింది 'బ్లడ్ విజన్స్'. లాస్ ఏంజెలిస్‌లో ఉండే ఇన్ ద రెడ్ అనే లేబుల్ రిలీజ్ చేసింది. లారీ హార్డీ అనే ఆయన నడిపే చిన్న కంపెనీ, గ్యారేజ్ రాక్ అభిమానులకి తప్ప బయట తెలీదు.

ఒక్కడే ఆల్బమ్ చెయ్యడం అంటే ఏంటో కొంచెం చెప్పాలి. బ్యాండులో నలుగురుంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుని వాయిస్తారు. స్పీడు పెరిగితే అందరూ కలిసి పెరుగుతారు. ఒక్కడే చేసేటప్పుడు మామూలుగా ముందు డ్రమ్స్ రికార్డు చేస్తారు, పాట మొత్తం బుర్రలో పాడుకుంటూ. తర్వాత దాని మీద గిటార్, దాని మీద బేస్, చివర్లో గొంతు. పొరల మీద పొరలు. ఎక్కడో తడబడితే పట్టుకోవడానికి పక్కన ఎవరూ ఉండరు. అందుకే ఇలాంటి రికార్డులు చాలా వరకు చప్పగా ఉంటాయి, జీవం ఉండదు. 'బ్లడ్ విజన్స్' వింటే మాత్రం నలుగురు ఒక గదిలో ఇరుక్కుని కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. నేను దీన్ని మొదటిసారి బస్సులో ఇయర్‌ఫోన్స్‌తో విన్నాను. రెండో పాట ఎక్కడ మొదలైందో, మొదటిది ఎక్కడ అయిపోయిందో అర్థంకాలేదు. మూడోసారి విన్నప్పుడు తెలిసింది, ఆ గోల లోపల శుభ్రమైన ట్యూన్లు ఉన్నాయని. హమ్ చెయ్యగలిగే ట్యూన్లు. నిమిషంన్నర, రెండు నిమిషాల్లో ట్యూన్ వస్తుంది, కోరస్ వస్తుంది, పాట అయిపోతుంది. ఇంకోసారి కోరస్ ఇస్తాడేమో అని మనం ఎదురుచూసే చోట ఇవ్వడు.

కవర్ మీద జే ఒంటి మీద బట్టలు దాదాపు లేకుండా, ఒళ్ళంతా రక్తంతో నిలబడి ఉంటాడు. ఉత్తుత్తి రక్తమే. పాటల్లో కూడా అదే ధోరణి. ఒకమ్మాయి మీద పిచ్చి పట్టినవాడు, వెంటపడేవాడు, హింసదాకా వెళ్ళే ఆలోచనలు. ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. మన సినిమాల్లో అమ్మాయి వద్దన్నా వెంటపడటం హీరోయిజం. దానికి మంచి మెలోడీ, స్విట్జర్లాండ్ లొకేషన్. జే అదే మనిషిని లోపలి నుంచి చూపిస్తాడు. వాడు రొమాంటిక్‌గా ఉండడు, జబ్బు మనిషిలా ఉంటాడు, భయం వేస్తుంది. ఆ పాటల్ని అందరూ ఇష్టపడాలని నేననను. కొన్ని నాకే ఇబ్బందిగా ఉంటాయి. కానీ వాణ్ణి అందంగా మాత్రం చూపించలేదు.

సరే, ఇప్పుడు వినైల్ సంగతికి వద్దాం. మీలో చాలామందికి రికార్డు ప్లేయర్ ఇంట్లో లేదు, నాకు తెలుసు. కానీ తాతగారింట్లో అటక మీద నల్ల ప్లేటు ఒకటైనా ఉండే ఉంటుంది, కుక్క బొమ్మ ఉన్నది. అది హెచ్‌ఎంవీ. మన తెలుగు పాటల ప్లేట్లు కూడా ఎక్కువగా కలకత్తా దగ్గర డమ్ డమ్ ఫ్యాక్టరీలో అచ్చయి వచ్చినవే. పాత 78 ఆర్‌పీఎం ప్లేటులో ఒక వైపు మూడు నిమిషాల చిల్లరే పట్టేది, అందుకే నాటకాల పద్యాలు పాడేవాళ్ళు రాగం తగ్గించుకుని పాడాల్సి వచ్చేది. మన ఊళ్ళలో 'రికార్డింగ్ డ్యాన్స్' అంటారు చూడండి, ఆ మాటలో రికార్డు ఈ ప్లేటే. ప్లేటు పోయింది, క్యాసెట్ పోయింది, సీడీ పోయింది, పెన్‌డ్రైవ్ వచ్చింది, పేరు మాత్రం మారలేదు.

ప్లేటు ఎలా తయారవుతుందంటే, ముందు అల్యూమినియం పళ్ళెం మీద లక్క లాంటి మెత్తటి పూత ఉంటుంది, దాన్నే లాకర్ అంటారు. లేత్ మెషీన్ మీద దాన్ని తిప్పుతూ, పాట ఎలా ఊగితే సూది అలా ఊగుతూ గాడి చెక్కుతుంది. దాని మీద వెండి పూత, తర్వాత కరెంటు స్నానంలో నికెల్ పూత. ఆ నికెల్ ఒలిస్తే అచ్చు వస్తుంది, గాడి ఉన్న చోట గట్టు ఉంటుంది. ఆ అచ్చుల్ని ప్రెస్సులో పైనా కిందా బిగించి, మధ్యలో వేడి పీవీసీ ముద్ద పెట్టి నొక్కితే ప్లేటు. మన అప్పడాల ప్రెస్సు గుర్తొస్తే తప్పులేదు. నొక్కడం ఒక్కోటి అర నిమిషం పని. టైమూ డబ్బూ అంతా అచ్చు తయారీలోనే.

చిన్న లేబుల్స్ తలనొప్పి అక్కడే. 300 ప్లేట్లు వేసినా, 3,000 వేసినా అచ్చుల ఖర్చు దాదాపు అంతే. లెక్క కోసం అచ్చులకి 60,000 రూపాయలు అనుకుందాం. 300 వేస్తే ఒక్కో ప్లేటు మీద 200 పడుతుంది. 3,000 వేస్తే 20 మాత్రమే. మరి అందరూ 3,000 వెయ్యొచ్చు కదా? వెయ్యొచ్చు, అమ్ముడుపోకపోతే మిగిలిన 2,700 ప్లేట్లు లేబుల్ ఓనర్ మంచం కింద ఉంటాయి. వినైల్ బరువు, పోస్టల్ ఖర్చు ఎక్కువ, ఎండకి వంకరపోతుంది. అందుకే 300, 500 వేసి, అమ్మిన డబ్బుతో తర్వాతి రికార్డు వేస్తారు. చాలా చిన్న లేబుల్స్‌లో ఆర్టిస్టుకి రాయల్టీ చెక్కు బదులు కొన్ని ప్లేట్లే ఇస్తారు. వాటిని షోలో టేబుల్ మీద పెట్టి అమ్ముకుంటే ఆ రాత్రి వ్యాన్‌కి పెట్రోలు, నలుగురికి తిండి. లిమిటెడ్ ఎడిషన్ అనగానే మనకి ఖరీదైన స్నీకర్స్ గుర్తొస్తాయి. ఇక్కడ లిమిటెడ్ అంటే లేబుల్ జేబు లిమిటెడ్.

జే ఆల్బమ్ నిడివికీ వినైల్‌కీ ఒక సంబంధం కూడా ఉంది. పన్నెండంగుళాల ప్లేటులో ఒక వైపు సుమారు ఇరవై నిమిషాలు హాయిగా పడతాయి. అంతకంటే ఎక్కువ కుక్కితే గాళ్ళు ఇరుకవుతాయి, సౌండ్ తగ్గించి చెక్కాలి. 'బ్లడ్ విజన్స్' ఒక వైపు పావుగంట కూడా ఉండదు. అంటే గాళ్ళకి బోలెడంత చోటు, గట్టిగా చెక్కొచ్చు. గోల పెట్టే సంగీతానికి ఇంతకంటే ఏం కావాలి.

ఈ వ్యవస్థ ఎంత సన్నటి దారం మీద నడుస్తుందో చెప్పడానికి ఒక్క సంగతి. ఆ లాకర్ పళ్ళాలు తయారుచేసే కంపెనీలు ప్రపంచం మొత్తం మీద చెప్పుకోదగ్గవి రెండే ఉండేవి, ఒకటి కాలిఫోర్నియాలో, ఒకటి జపాన్‌లో. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ ఫ్యాక్టరీ తగలబడిపోయింది. అంతే, ప్రపంచంలో చిన్నా పెద్దా లేబుల్స్ అన్నీ తలలు పట్టుకున్నాయి.

మళ్ళీ జే దగ్గరికి. 'బ్లడ్ విజన్స్' నోటిమాటగా పాకింది. స్టేజి మీద ఫ్లయింగ్ వీ గిటార్, ముఖం కనపడకుండా జుట్టు, పాటకీ పాటకీ మధ్య గ్యాప్ లేదు, రికార్డులో కంటే ఇంకా స్పీడు. పెద్ద ఇండీ లేబుల్ మెటాడోర్ పిలిచింది. అక్కడ 2008లో ఆయన చేసిన పని నాకు భలే నచ్చుతుంది, కోపమూ తెప్పిస్తుంది. ఆల్బమ్ ఇవ్వకుండా, ఏడాది పొడుగునా ఆరు ఏడంగుళాల సింగిల్స్ ఇచ్చాడు. ప్రతిసారీ సంఖ్య తగ్గిస్తూ పోయాడు. మొదటిది వేలల్లో, ఆరోది కేవలం 400. అంటే ఆయనకి పేరు పెరిగేకొద్దీ రికార్డు దొరకడం తగ్గుతుంది. మామూలు వ్యాపారానికి ఇది పూర్తిగా తలకిందులు.

ఒకవైపు చూస్తే ఇది సరదా. మొదటినుంచీ వెంట ఉన్న అభిమానికి బహుమతి లాంటిది. ఇంకోవైపు, 400 ప్లేట్లు అనగానే వినేవాడి కంటే అమ్మేవాడు ముందు లైన్లో నిలబడతాడు. మన దగ్గర బెనిఫిట్ షో టికెట్ బ్లాకులో అమ్మేవాళ్ళలాగే. కొని, సీలు కూడా విప్పకుండా ఆన్‌లైన్లో పది రెట్లకి పెడతాడు. పాట వాడికి అక్కర్లేదు. మెటాడోర్ తర్వాత ఆ పాటలన్నీ కలిపి ఒక సంకలనంగా వేసింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ పాటలు కలెక్టర్ల అల్మారాల్లోనే ఉండిపోయేవి. నా మాట అడిగితే, పాట అందరికీ దొరకాలి, వస్తువు కొందరికి దొరికినా ఫర్వాలేదు. ఆ ఆరింటిలో ఒకటి డీర్‌హంటర్ బ్యాండుతో పంచుకున్న రికార్డు. ఒక వైపు జే వాళ్ళ పాట పాడితే, రెండో వైపు వాళ్ళు 'బ్లడ్ విజన్స్'లోని 'ఓ, ఇట్స్ సచ్ ఎ షేమ్' పాడారు.

2009 ఆగస్టులో 'వాచ్ మీ ఫాల్' వచ్చింది. ఇంకా మెత్తగా, ఇంకా శ్రావ్యంగా. పేరు చూడండి, 'నేను పడిపోవడం చూడండి' అని. ఆయన కోపం పాటల్లోనే ఉండేది కాదు, స్టేజి మీదా, స్నేహితులతోనూ ఉండేది. ఆ అక్టోబర్‌లో బ్యాండులోని మిగతా ఇద్దరూ వెళ్ళిపోయారు. 2010 జనవరి 13న మెంఫిస్‌లో తన ఇంట్లో నిద్రలోనే చనిపోయాడు. వయసు 29. కొకైన్ విషప్రభావం అని పోస్ట్‌మార్టంలో తేలింది, దానికి మద్యం తోడైంది.

రాక్ సంగీతంలో ఇలాంటి చావుని స్టైల్‌గా చెప్పుకునే అలవాటొకటి ఉంది. నాకు అది అస్సలు నచ్చదు. చావకముందు ఏడాది ఇద్దరు డైరెక్టర్లు, అలెక్స్ హామండ్, ఇయాన్ మార్కీవిచ్, మెంఫిస్ వచ్చి ఆయన్ని షూట్ చేశారు. ఆ డాక్యుమెంటరీ 'బెటర్ దాన్ సమ్‌థింగ్' 2011లో బయటికొచ్చింది. అందులో కనిపించే మనిషి రాక్ స్టార్‌లా ఉండడు. తను పెరిగిన పేటల గురించి చెప్పుకుంటాడు, జోకులేస్తాడు, పని గురించి మాట్లాడతాడు. ఎప్పుడూ పనే. పదిహేనేళ్ళప్పటి నుంచి 29 దాకా ఆయన పేరుతో వచ్చిన సింగిల్సూ ఆల్బమ్‌లూ లెక్కపెట్టడం మొదలుపెడితే వేళ్ళు చాలవు. ఇంకో ముప్ఫై ఏళ్ళు ఉంటే ఏం చేసేవాడో అని నేను అనుకోను, అది ఎవరికీ తెలీదు. కానీ 'వాచ్ మీ ఫాల్' విన్నప్పుడల్లా, ఈ మనిషి ఇప్పుడిప్పుడే గొంతు తగ్గించి పాడటం నేర్చుకుంటున్నాడే అనిపించి బాధేస్తుంది.

గోనర్ ఇప్పటికీ ఉంది. మెంఫిస్‌లో షాపు, ఏటా గోనర్‌ఫెస్ట్ అని పండగ. బకెట్ వాయించిన డెమోలు పంపే పిల్లలు ఇప్పుడు లింకులు పంపుతూ ఉంటారు, అంతే తేడా.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, ప్లేటు కోసం డబ్బులు పెట్టకండి, ఫోన్లోనే వినండి. ముందు 'మై షాడో'. నచ్చితే 'ఇట్స్ సో ఈజీ', తర్వాత 'ఓ, ఇట్స్ సచ్ ఎ షేమ్'. ఆ మూడూ అయ్యాక మొత్తం ఆల్బమ్ మొదటి నుంచి ఒకేసారి, షఫుల్ ఆఫ్ చేసి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే వాల్యూమ్ మాత్రం సగానికి దించండి, మొదటి సెకను నుంచే మీదపడతాడు. రేడియో వాల్యూమ్‌లో వినాల్సిన రికార్డు కాదు కానీ, చెవులు మనవి కదా. ఉంటాను, బై.